బియ్యం సంచీ నుంచి బ్యాంకు ఖాతాకు
(రాయదుర్గంలో జకాత్ వినియోగంపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ రాయదుర్గం గురించి రెండు మాటలు చెప్పి అసలు విషయంలోకి వస్తాము. 1998 నవంబరులో ఇక్కడికి సమీపంలో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఈ చుట్టుపక్కల అంతా రాళ్ళగుట్టలే. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం వరకు వచ్చింది. 2025 అక్టోబరులో ఇదే రాయదుర్గంలో ప్రభుత్వం వేలం వేసిన భూమికి ఎకరానికి 177 కోట్ల రూపాయల ధర పలికింది. ఇక్కడికి పక్కనే హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా ఉంది. ఆ దర్గాకు చెందిన వక్ఫ్ ఆస్తిగా మన పెద్దలు ఏళ్ళ తరబడి వాదించిన మణికొండ జాగీరు భూమి 1,654 ఎకరాల 32 గుంటలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మంచిచెడ్డలను గురించి ఈ పత్రికలోనూ, ఇలాంటి వేదికల మీదా చాలా చర్చ జరిగింది. ఈరోజు మేము దానిని మళ్ళీ తెరవబోవడం లేదు. కోట్ల రూపాయల లెక్కలు వినిపించే ఈ చోటనే నిలబడి, నెలకు 2,500 రూపాయలతో ఒక పల్లెటూరి కుటుంబంలో ఏమి జరిగిందో చెప్పాలన్నదే మా ఉద్దేశం.

ముందుగా మేమెవరమో చెప్పుకోవాలి. ఈ కారిడార్‌లోని వేర్వేరు కంపెనీలలో పనిచేస్తున్న పద్నాలుగు మంది మిత్రులం. మాకు పేరున్న సంస్థ ఏదీ లేదు, రశీదు పుస్తకం లేదు. జుమా నమాజు తర్వాత కలుసుకునేవాళ్ళం, ప్రతి రమజాన్‌లోనూ మా జకాత్, సదఖా సొమ్మును కలిపి నిత్యావసరాల కిట్లు పంచేవాళ్ళం. బియ్యం, నూనె, కందిపప్పు, చక్కెర, ఖర్జూరాలు, సేమియా కలిపి ఒక సంచీ. ఇచ్చేటప్పుడు ఒక ఫొటో. ఆ ఫొటో మా వాట్సాప్ గ్రూపులో పెట్టుకుని, అల్హందులిల్లాహ్ అని ఒకరికొకరు రాసుకునేవాళ్ళం. ఆరేళ్ళు ఇలాగే చేశాము. మేము చేస్తున్నది మంచిపనేనని మాకు ఏ సందేహమూ ఉండేది కాదు.

ఒక సంచీ చేసిన ప్రయాణం

2023 రమజాన్‌లో వికారాబాద్ జిల్లా తాండూరు వైపున ఒక గ్రామంలో కిట్లు పంచాము. ఒక్కో కిట్టుకు మాకు 1,800 రూపాయలు ఖర్చయింది. మరునాడు మా బృందంలోని ఒక సోదరి ఏదో పనిమీద ఆ ఊరి కిరాణా దుకాణానికి వెళ్ళగా, మేమిచ్చిన నూనె ప్యాకెట్లు, పప్పు అక్కడి అరమీద కనిపించాయి. ఎవరు అమ్మారో తెలుసుకోవడం కష్టం కాలేదు. మాలో కొందరికి కోపం వచ్చింది. అమానత్‌ను దుర్వినియోగం చేశారన్నారు. వచ్చే ఏడాది ఆ ఇంటిని జాబితా నుంచి తీసేయాలని ఒకరు ప్రతిపాదించారు.

మా సోదరి వెళ్ళి ఆ ఇంటి ఇల్లాలిని అడిగింది. ఆమె దాచలేదు. ఆమె చెప్పిన మాటలు ఇవి: "అమ్మిన ఆపా, అబద్ధమెందుకు. శుక్రవారం కిస్తీ కట్టాలె. బియ్యం రేషన్ల వస్తయి. కిస్తోళ్ళు నూనె ప్యాకెట్టు తీసుకోరు గద."

మేము 1,800 పెట్టి కొన్న సరుకులో ఎక్కువ భాగాన్ని ఆమె 900 రూపాయలకు అమ్మింది. తొమ్మిది వందలు దుకాణదారునికి లాభం. అంటే మా జకాత్‌లో సగం ఆ కుటుంబానికి చేరింది, సగం ఒక వ్యాపారికి చేరింది. ఆ ఇంటికి ఆ వారం ఏమి అవసరమో మేము రాయదుర్గంలో కూర్చుని నిర్ణయించినందుకు ఆ సగం సొమ్ము జరిమానా అయింది. ఆ జరిమానా కట్టింది మేము కాదు, ఆమె. ఈ లెక్క అర్థమయ్యేసరికి మా కోపం సిగ్గుగా మారింది.

ఆ ఇల్లు

ఆ కుటుంబాన్ని గురించి గుర్తు పట్టడానికి వీలులేనంత వరకే చెబుతాము. వారు నూర్‌బాషాలు. తాత తరంలో దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవారు. ఫ్యాక్టరీ పరుపులు సంతకు వచ్చాక ఆ విద్య అన్నం పెట్టడం మానేసింది. సొంత భూమి లేదు. రెండెకరాలు కౌలుకు తీసుకుని కంది వేస్తారు. యజమాని ఇదే రాయదుర్గంలో, మనలో చాలామంది రోజూ దాటి వెళ్ళే భవనాల దగ్గర కట్టడపు పనిలో ఉన్నాడు. నెలకు రెండుసార్లు ఇంటికి వెళ్తాడు. ఇంట్లో అతని తల్లి, భార్య, ముగ్గురు పిల్లలు. పెద్దది కూతురు. ఎనిమిదో తరగతి పూర్తికాగానే, ఇంటి దగ్గర చిన్న తమ్ముడిని, నాయనమ్మను చూసుకోవడానికి ఆమె చదువు ఆపేశారు.

ఆదాయం లేని కుటుంబం కాదు అది. కూలీ ఉంది, కౌలు పంట ఉంది, ముసలమ్మకు 2,016 రూపాయల ఆసరా పింఛను ఉంది. కానీ ఏదీ కావలసిన రోజుకు రాదు. కూలీ డబ్బు మేస్త్రీ ఇచ్చినప్పుడు వస్తుంది. పంట డబ్బు ఏడాదికొకసారి వస్తుంది. వారం కిస్తీ మాత్రం ప్రతి శుక్రవారం తప్పకుండా వస్తుంది. ఈ మధ్యలోని ఖాళీని నింపేది అప్పు. కిరాణా కొట్టులో ఉద్దర, సూక్ష్మరుణ సంస్థ దగ్గర కిస్తీ అప్పు, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు, కందుల వ్యాపారి దగ్గర విత్తనాలకూ మందులకూ తెచ్చినది. ఈ నలుగురిలో ప్రతి ఒక్కరూ ఇచ్చిన అప్పుకు వడ్డీతోపాటు మరొకటి కూడా తీసుకుంటారు. కిరాణా అతను చెప్పిన ధరకు సరుకు కొనాలి. మేస్త్రీ చెప్పిన చోటికి, చెప్పిన కూలీకి పోవాలి. వ్యాపారి అడిగిన రోజున, అడిగిన రేటుకు కందులు తూచాలి. వడ్డీ హరామ్ అని మనం మింబర్ మీద నుంచి చెబుతాము. మరి ఈ ఇంటివారు శుక్రవారం నాటికి ఎక్కడికి పోవాలో కూడా మనమే చెప్పాలి కదా.

పద్దెనిమిది నెలలు

2023 జులై నుంచి 2024 డిసెంబరు వరకు, నెల మొదటి వారంలో 2,500 రూపాయలు ఆమె పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో వేశాము. మొత్తం 45,000. ఇదే పద్ధతిలో ఆ ప్రాంతంలో పదకొండు కుటుంబాలకు ఇచ్చాము. షరతులేమీ పెట్టలేదు. దేనికి ఖర్చు చేశారని అడగకూడదని మేము ముందే నిర్ణయించుకున్నాము. లెక్క మేము అడగలేదు కానీ ఆ కూతురు తన పాత నోటుపుస్తకంలో వెనుక పేజీల నుంచి అంతా రాసుకుంది. చివరి నెలలో మా సోదరికి తనంతట తానే చదివి వినిపించింది. మీకు చెప్పవచ్చునా అని అడిగి, అనుమతి తీసుకునే చెబుతున్నాము.

45,000లో 14,000 కిరాణా ఉద్దరకూ, వారం కిస్తీకీ పోయాయి. 9,500 తిండికి. 9,000 పెట్టి రెండు మేకపోతు పిల్లలు కొన్నారు. 7,000 మందులకు, ఆసుపత్రికి. 5,500 కూతురి చదువుకు. ఇందులో విలాసం ఎక్కడుందో మాకు కనిపించలేదు. తిండి పద్దులో ఒకచోట "బిర్యాని, రంజాన్, 640" అని రాసి ఉంది. అది చదివేటప్పుడు ఆ పిల్ల కొంచెం తడబడిందట. పండుగనాడు తమ ఇంట్లో తాము వండుకుని, పొరుగింటికి ఒక గిన్నె పంపడం తప్పన్నట్టుగా ఆ పిల్లకు ఎవరు నేర్పారు? కిట్లు పంచిన మాలాంటివాళ్ళమేనేమో.

పద్దులకంటె ముఖ్యమైనవి పద్దుల్లో కనిపించని మార్పులు. మొదటి నాలుగు నెలలు అప్పులకే సరిపోయాయి. అప్పుడు మాలో ఒకరు, మనం వడ్డీవ్యాపారికి జకాత్ ఇస్తున్నామా అని కూడా అడిగారు. ఐదో నెల నుంచి తేడా కనిపించింది. వారం కిస్తీ ముగిసింది. కొత్త కిస్తీ ఎత్తలేదు. ఉద్దర లేనివారికి మరో దుకాణంలో ధర అడిగే వీలు ఉంటుంది. 2023 డిసెంబరులో మహిళలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. ఆమె నెలకొకసారి తాండూరు వెళ్ళి అక్కడే సరుకు తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఆ జనవరిలో కంది చేతికి వచ్చింది. అంతకుముందు ప్రతి ఏడూ కల్లం దగ్గరే వ్యాపారికి తూచి ఇచ్చేవారు. ఈసారి విత్తనాల బాకీ మేరకే అతనికి ఇచ్చి, నాలుగు క్వింటాళ్ళు ఇంట్లో పెట్టుకుని రెండు నెలలు ఆగారు. క్వింటాకు 800 రూపాయలు ఎక్కువ వచ్చాయి. 3,200 రూపాయలు మనకు పెద్ద మొత్తంగా తోచకపోవచ్చు. మేము ఇచ్చిన ఒక నెల సొమ్ముకంటె అది ఎక్కువ, పైగా అది వారి పంట మీద వారికే న్యాయంగా రావలసినది. ఇన్నేళ్ళూ అది రాకపోవడానికి కారణం రెండు నెలలు ఆగలేకపోవడమే.

యజమాని విషయంలోనూ ఇలాగే జరిగింది. ప్రతి ఏడూ వానాకాలానికి ముందు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునేవాడు. అడ్వాన్సు తీరేవరకు వేరేచోట కూలీ ఎక్కువ ఇస్తామన్నా పోలేడు. పాలమూరు కూలీలను దేశమంతటా ప్రాజెక్టులకు తీసుకుపోయిన గుత్త పద్ధతి మన పెద్దలకు తెలిసినదే. దాని నీడ ఈ అద్దాల భవనాల కింద ఇంకా ఉంది. 2024లో అతను అడ్వాన్సు తీసుకోలేదు. రోజుకు వంద రూపాయలు ఎక్కువ ఇచ్చే పనికి మారాడు. నగదు సాయం అందుకుంటే పేదవాడు పని మానేస్తాడని అంటారు. ఇక్కడ అతను పని మానలేదు. చెడ్డ పనిని మాని మంచి పనికి పోయాడు.

మేకపోతులను ఆ ముసలమ్మ, పిల్లలు మేపారు. 2024 జూన్‌లో బక్రీద్‌కు రెండూ కలిపి 21,000కు అమ్మారు. కూతురు 2023 ఆగస్టులోనే తొమ్మిదో తరగతిలో చేరింది. ఈ ఏడాది పది పూర్తిచేసి, ఇప్పుడు మైనారిటీ గురుకుల జూనియర్ కళాశాలలో ఇంటర్ చదువుతోంది. ఈ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో మొదలై 204కు పెరిగాయి. చదువు ఉచితం, వసతి ఉచితం. అయినా ఆ తలుపు దాకా పిల్ల చేరాలంటే, మధ్యలో రెండేళ్ళు ఆమె ఇంటిచాకిరీ నుంచి విడుదల కావాలి. మా 5,500 చేసినది ఆ చిన్న పనే.

డబ్బు చేయలేకపోయినది

ఇక్కడితో ఆపితే మా ప్రసంగం ప్రకటనలాగా అవుతుంది. జరిగినదంతా చెప్పడం అమానత్.

2024 సెప్టెంబరులో ముసలమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. భయంతో ముందుగా ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగిన మాట నిజమే. కానీ ఆ కార్డు ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఆ రాత్రి వారికి చెప్పినవారు లేరు. ప్రభుత్వాసుపత్రికి మార్చేలోగా నాలుగు రోజుల్లో 40,000 రూపాయలు అయిపోయాయి. పద్దెనిమిది నెలల్లో మేమిచ్చిన మొత్తానికి అది దాదాపు సమానం. మేకల సొమ్ములో మిగిలినది పోయింది. మళ్ళీ కొన్న పిల్లలను బక్రీద్ దాకా ఉంచకుండా అమ్మేశారు. మహిళా సంఘంలో 15,000 అప్పు తెచ్చారు. ఏడాదికి పైగా కష్టపడి ఎక్కిన మెట్లు నాలుగు రోజుల్లో దిగారు. అయితే మొదటి మెట్టు దాకా దిగలేదు. వారం కిస్తీకి పోలేదు, పిల్లను బడి మాన్పించలేదు. నగదు సాయం వల్ల కలిగిన లాభం ఎంత అని ఎవరైనా అడిగితే, ఆ తేడాయే మా జవాబు. కానీ ఊరికి పది కిలోమీటర్లలో పనిచేసే ఆసుపత్రి ఉంటే ఆ 40,000 పోయేవి కావు. ఆ లోటును ఏ జకాత్ సొమ్మూ పూడ్చలేదు.

పదకొండు కుటుంబాలలో మరొక ఇంట్లో మా ఏర్పాటు విఫలమైంది. ఖాతా భార్య పేరునే ఉన్నా, ఏటీఎం కార్డు భర్త చేతిలో ఉంది. రెండు నెలల సొమ్ము సారా కొట్టుకు పోయింది. ఆ సంగతి మాకు మూడో నెలలోగాని తెలియలేదు. ఖాతా ఎవరి పేరున ఉందనే మేము చూశాము, కార్డు ఎవరి చేతిలో ఉందో చూడలేదు. ఆ ఇంటి పెద్దలతో మాట్లాడి, ఆమె పోస్టాఫీసులో స్వయంగా తీసుకునే ఏర్పాటు చేశాక సరిపడింది. పదకొండు ఇళ్ళ అనుభవంతో శాస్త్రం చెప్పలేమని మాకు తెలుసు. అందుకే ఇతరులు పెద్ద ఎత్తున చేసి చూసినది కూడా మీ ముందు ఉంచుతాము.

దేశంలోనూ, బయటా

2011లో మధ్యప్రదేశ్‌లో సేవ సంస్థ, యూనిసెఫ్ సాయంతో, ఎనిమిది గ్రామాలలో ప్రతి వ్యక్తికీ షరతులు లేకుండా నెలనెలా నగదు ఇచ్చింది. పెద్దలకు 200, పిల్లలకు 100 చొప్పున మొదలుపెట్టి, ఏడాది తర్వాత 300, 150 చేశారు. నగదు అందని గ్రామాలతో పోల్చి చూశారు. తిండి మెరుగైంది, అప్పు తగ్గింది, పశువులు పెరిగాయి, బడికి పోయే ఆడపిల్లలు పెరిగారు. సారా మీద ఖర్చు పెరగలేదు. ఆ ప్రయోగాన్ని నడిపి, దానిపై పుస్తకం రాసిన నలుగురిలో శరత్ దావల ఒకరు. హైదరాబాదులో చెత్త ఏరుకుని బతికే కుటుంబాలున్న బస్తీలలో ఇటీవల ఇలాంటిదే మరో ప్రయోగం బాత్ విశ్వవిద్యాలయం భాగస్వామ్యంతో జరిగింది. అంటే మన ఇంటి పక్కనే ఈ పరిశీలన నడిచింది. కెన్యా గ్రామాలలో పేద కుటుంబాలకు నగదు ఇచ్చి చేసిన పరిశోధన 2016లో ప్రచురితమైంది. అక్కడా ఆస్తులు, తిండి పెరిగాయి. మద్యం, పొగాకుల మీద ఖర్చు పెరగలేదు. మెక్సికో 1997లోనూ, బ్రెజిల్ 2003లోనూ పిల్లల చదువు, ఆరోగ్యం షరతులుగా పెట్టి ఇలాంటి పథకాలు మొదలుపెట్టాయి.

మన రాష్ట్రం కూడా ఈ దారిలో చాలా దూరం నడిచింది. ఆసరా పింఛను 2014 నవంబరులో 1,000 రూపాయలతో వచ్చి 2019లో 2,016 అయింది. షాదీ ముబారక్ 2014 అక్టోబరు 2న 51,000తో మొదలై, 2017లో 75,116కు, 2018లో 1,00,116కు పెరిగింది. 2018 మే 10న రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 చొప్పున మొదలైంది. ఇప్పుడు రైతుభరోసా పేరుతో పంటకు 6,000, ఏడాదికి 12,000. 2025 జనవరి 26న భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ప్రకటించారు.

వీటిలో ప్రతి రూపాయినీ మేము స్వాగతిస్తాము. అయితే మేము చెప్పిన కుటుంబం ఈ పథకాల ముందు ఎక్కడ నిలబడి ఉందో చూడండి. పది ఎకరాల పట్టాదారుకు ఏడాదికి 1,20,000 రూపాయలు వస్తాయి, అతను నాగలి పట్టినా పట్టకపోయినా. అతని దగ్గర రెండెకరాలు కౌలు చేసేవారికి ఏమీ రాదు. కౌలుదారులకు గుర్తింపు కార్డులివ్వాలని 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే చట్టం వచ్చింది. ఆ కార్డు ఈ ఇంటి గడప తొక్కలేదు. ఆత్మీయ భరోసాకు ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. యజమాని రాయదుర్గంలో, ఇల్లాలు కౌలు పొలంలో ఉన్న ఇంట్లో ఆ 20 రోజులు ఎవరు పూర్తిచేయాలి? షాదీ ముబారక్ చెక్కు చాలా ఇళ్ళకు పెళ్ళి అయ్యాక నెలలు గడిచి వస్తుంది. పెళ్ళినాడు అప్పు చేయక తప్పదు, ఆ చెక్కులో కొంత వడ్డీకే పోతుంది.

2006లో సచార్ కమిటీ దేశంలోని ముస్లిముల స్థితిని చూపింది. 2016లో జి. సుధీర్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ తెలంగాణ ముస్లిముల స్థితిని ప్రభుత్వానికి నివేదించింది. 2011 జనగణన ప్రకారం తెలంగాణలో మనం 12.7 శాతం. గ్రామాలలో మనవారిలో భూమి ఉన్నవారు తక్కువ, చేతివృత్తులు, చిల్లర వ్యాపారం, కూలీ మీద బతికేవారు ఎక్కువ. కాబట్టి ఎకరాల లెక్కన ఇచ్చే ప్రతి సాయమూ, ఎవరూ కావాలని చేయకపోయినా, మనవారిని దాటుకుని పోతుంది. ఇది దళితులకూ, భూమిలేని బీసీ కులాలకూ వర్తిస్తుంది. మన వాదనను వారితో కలిసి వినిపించాలి గాని వేరుగా కాదు.

మూడు ఆక్షేపణలు

ఉచితాలు ఇస్తే జనం సోమరులవుతారన్నది మొదటిది. ఈ కారిడార్‌లో కంపెనీలకు రాయితీ ధరకు భూములు, పన్నులలో మినహాయింపులు ఇచ్చారు. వాటివల్ల కంపెనీలు సోమరులయ్యాయని మనం ఎన్నడూ అనలేదు. ప్రోత్సాహకమన్నాము. పేద ఇంటికి వెళ్ళిన 2,500కు ఆ పేరు ఎందుకు చెల్లదు?

డబ్బు ఇస్తే దుర్వినియోగం అవుతుందన్నది రెండవది. పదకొండులో ఒక ఇంట్లో రెండు నెలలు అయిందని చెప్పాము. కిట్టు పద్ధతిలో సగం సొమ్ము దుకాణానికి పోయిన ఇల్లు ఒక్కటేనా, మరెన్ని ఉన్నాయో ఆ ఆరేళ్ళలో మేము చూడనే లేదు.

నగదు ఇచ్చి ప్రభుత్వం తన బాధ్యతలు దులుపుకుంటుందన్నది మూడవది. ఇది నిజమైన భయం, దీనిని మేము గౌరవిస్తాము. రేషన్ బియ్యం ఉన్నందువల్లనే ఆ ఇల్లాలు నగదును మరోదానికి వాడగలిగింది. ఆసుపత్రి లేనందువల్లనే ఆ నగదు కరిగిపోయింది. నగదు ఇవ్వడమంటే బడి, ఆసుపత్రి, రేషన్ దుకాణం మూసేయడం కాదు. అలా మూసేసి ఇచ్చే నగదును మనం అంగీకరించకూడదు.

మన చేతిలో ఉన్నది

ఇక మన సంగతి. జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్దేశించింది. అందులో ఫఖీర్లు, మిస్కీన్లు మొదట వస్తారు, రుణగ్రస్తులూ ఉన్నారు. జకాత్ సొమ్ముకు అందుకున్నవారిని యజమానులను చేయాలని హనఫీ ఫిఖహ్ పండితులు షరతు పెట్టారు. దానినే తమ్లీక్ అంటారు. యజమాని అంటే తన సొమ్మును తన అవసరానికి తాను వాడుకునేవాడు. సంచీలో ఏముండాలో మేము నిర్ణయించినప్పుడు ఆ భావానికి ఎంతవరకు న్యాయం చేశామో ఇప్పుడు ఆలోచిస్తున్నాము. ఏడాదికి రావలసిన జకాత్‌ను ముందుగా లెక్కగట్టి నెలనెలా విడతలుగా ఇవ్వవచ్చునా అని మేము మా ఉలమాలను అడిగి, వారు చెప్పిన ప్రకారమే చేశాము. మీరూ మీ ఉలమాలను అడగండి.

లెక్క కష్టమైనది కాదు. ఒకరి పొదుపు 12 లక్షలు ఉంటే, రెండున్నర శాతం చొప్పున జకాత్ 30,000. అది నెలకు 2,500 చొప్పున ఒక కుటుంబానికి సరిగ్గా ఏడాది. ఈ హాలులో ఆ స్థాయి పొదుపు ఉన్నవారు ఎందరో ఉన్నారు.

మేము మూడు విషయాలు కోరుతున్నాము. ఒకటి, వచ్చే రమజాన్‌కు కిట్ల కోసం సేకరించే సొమ్ములో సగమైనా, కనీసం ఏడాదిపాటు, ఎంచుకున్న కుటుంబాల ఖాతాలలో నెలనెలా వేయండి. స్త్రీ పేరున వేయండి, కార్డు ఆమె చేతిలోనే ఉందో లేదో చూడండి. రెండు, ఆ కుటుంబాలకు ఆరోగ్యశ్రీ, పింఛను, కౌలు గుర్తింపు, గురుకుల ప్రవేశం వంటి హక్కులు అందేలా వెంటనిలిచే మనిషిని ఒకరిని ఏర్పాటు చేయండి. దరఖాస్తు నింపగలిగిన, ఆఫీసులో అడగగలిగిన చదువు మనకుంది. మా రెండవ పొరపాటు ఇక్కడే జరిగింది. డబ్బు పంపాము గాని, ఆ సెప్టెంబరు రాత్రి ఫోను ఎత్తి దారి చెప్పడానికి ఎవరినీ పెట్టలేదు. మూడు, భూమి లేని, కౌలు చేసే కుటుంబాలకు ఎకరంతో సంబంధం లేకుండా నేరుగా సాయం అందాలని ప్రభుత్వానికి ఇవ్వబోయే వినతిపత్రంపై సంతకం చేయండి. వినతిపత్రం ద్వారం దగ్గర బల్లమీద ఉంది. మొదటి కోరికలోనిది దానం, మూడవ కోరికలోనిది హక్కు. మొదటిది చేశామన్న తృప్తితో మూడవదాన్ని మరచిపోవద్దు.

చివరగా ఒక మాట. చివరి విడత పంపిన నెలలో, ఇక ఇంతటితో ముగుస్తుందని మా సోదరి ఆ ఇల్లాలికి ఫోను చేసి చెప్పింది. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అంది: "మాకు ఇగ ఎట్లనో నడుస్తది ఆపా. మా గల్లీల ఒకామె ఉంది, మొగుడు పోయిండు, ఇద్దరు చిన్న పిల్లలు. ఆమెకియ్యుండ్రి. పేరు మాత్రం ఎవరికి చెప్పకుండ్రి, ఫొటో తియ్యకుండ్రి."

ఆ ఇంటికి ఈ జనవరి నుంచి వేస్తున్నాము. ఈ రెండు కుటుంబాల ఫొటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు.

మా మాటలలో పొరపాటు ఉంటే సరిదిద్దండి. అల్లాహ్ మనందరి చేత మేలైన పని చేయించుగాక. వస్సలాము అలైకుమ్.